అలాస్కాలో ఒక్క బొమ్మ

మూడు వారాల క్రితం మా బావగారు ఫోన్ చేసి నన్నొక వ్యాసం రాయమన్నారు. బావగారంటే మావారి అన్నగారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఎడిసన్ పక్కనే ఒక ఆసుపత్రిలో నలభయ్యేళ్ళు మత్తుమందు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎదుటివాళ్ళని నిద్రపుచ్చడం ఆయనకి ఉద్యోగంలోనే కాదు, సంభాషణలో కూడా బాగా వచ్చు. అక్కడి లైబ్రరీలో నెలకోసారి తెలుగు పెద్దవాళ్ళం చేరుతుంటాం. ప్రతిసారీ ఎవరో ఒకరు తమకి తెలిసిన విషయం మీద మాట్లాడాలి. ఒకసారి ఒకాయన తన మోకాలి మార్పిడి గురించి ఫొటోలతో సహా చెప్పారు. ఇంకోసారి ఒకావిడ పెరట్లో దొండపాదు మంచుకి చచ్చిపోకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పింది. ఈసారి బావగారి వంతు. ఆయనా, మా తోడికోడలు అక్కయ్యా ఇల్లు ఖాళీ చేసి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు కాబట్టి అది వీడ్కోలు ఉపన్యాసం కూడాను. ఆయన ఎంచుకున్న విషయం, యుద్ధపుటాటల్లో ఏది మేటి అని. "నీకు ఈ ఆటలంటే ఒళ్ళుమంట కదమ్మా, నీ అబ్జెక్షన్స్ అన్నీ ఒక పేపర్ మీద రాసి తీసుకురా. స్పీచ్‌లో చదివి ఒక్కొక్కదానికీ ఆన్సర్ చేస్తాను" అన్నారు.

ఒళ్ళుమంట కాదు బావగారూ, చులకన అని సరిదిద్దుదామనుకుని ఊరుకున్నాను. ఒళ్ళుమండాలంటే ఎదుటి వస్తువు మీద ఎంతో కొంత గౌరవం ఉండాలి. జుట్టు నెరిసిన మగవాళ్ళు నలుగురు ప్లాస్టిక్ సైనికుల్ని ముందేసుకుని చెమటలు పట్టించుకోవడం మీద నాకు అంత గౌరవం ఎన్నడూ లేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. రెండు పేజీలు వెటకారం చకచకా వచ్చేసింది. నాకు అది ఎప్పుడూ కష్టపడకుండానే వస్తుంది. మూడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.

ముందు ఆ బేస్‌మెంట్ గురించి చెప్పాలి. న్యూజెర్సీలో మా తరం డాక్టర్ల ఇళ్ళలో బేస్‌మెంట్‌లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గోడలకి చెక్క పలకలు, నేలంతా ఆకుపచ్చ కార్పెట్, ఒక మూల ఎవరూ నడవని ట్రెడ్‌మిల్, ఇంకో మూల బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు. బావగారింట్లో వీటి మధ్య ఒక పింగ్‌పాంగ్ బల్ల ఉండేది. దాని మీద బంతి ఎగరగా నేనెన్నడూ చూడలేదు. వల పీకేసి, పాత దుప్పటి పరిచి, దాన్ని యుద్ధభూమిగా మార్చారు. చుట్టూ అలమరల నిండా ఆటల పెట్టెలు, ప్రతి పెట్టె మీదా పళ్ళు బయటపెట్టి అరుస్తున్న ఒక సైనికుడు. ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటివాళ్ళని పిలిచే మనిషి, శనివారం రెండు గంటలకి ఆ మెట్లు దిగేసరికి సర్వసైన్యాధ్యక్షుడైపోయేవారు. బేస్‌మెంట్‌లో తేమ, ఊరగాయ నూనె, కొత్త అట్ట కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పటికీ కొత్త పుస్తకం వాసన చూస్తే నాకు ముందు ఆవకాయే గుర్తొస్తుంది.

సైన్యాధిపతులు నలుగురు. బావగారు కాక, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక మాస్టారు. టెలిఫోన్ కంపెనీలో పనిచేసే వరంగల్ ఆయన ఇంకొకరు. నలుగురిలోకీ చిన్నవారు మావారు, రాష్ట్ర ప్రభుత్వంలో వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరు. వీళ్ళలో ఒక్కరు కూడా కాలేజీలో ఎన్.సి.సి. డ్రిల్లుకైనా వెళ్ళినవాళ్ళు కారు. పైన వంటింట్లో ఆడవాళ్ళ కబుర్లు చీరల దగ్గర మొదలై పిల్లల మార్కుల దగ్గర ఆగేవి. నాకు వాటి మీద కూడా పెద్ద గౌరవం లేదు. అందుకని అక్కయ్య పెరట్లో కాసిన చిక్కుడుకాయలు పళ్ళెంలో వేసుకుని, ఈనెలు తీసే వంకతో కిందికి వెళ్ళి మావారి కుర్చీ వెనక కూర్చునేదాన్ని. ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు కింద రక్తకణాలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. గంటల తరబడి కదలకుండా కూర్చుని చిన్న చిన్న వాటిని గమనించడం అలవాటైన దాన్ని. ఆ ఆటలన్నీ నాకు అలాగే వచ్చాయి. ఎవరూ నేర్పలేదు, నేను ఆడతానని అడగనూ లేదు. అడిగితే గెలుస్తానని నాకు తెలుసు. గెలిచి ఏం చేసుకోవాలో మాత్రం తెలియదు.

మొదట చదరంగం సంగతి. అది మనదే, మనవాళ్ళే కనిపెట్టారు అని ప్రతి ఆటకి ముందూ బావగారు ఒకసారి ప్రకటించేవారు, తానే స్వయంగా కనిపెట్టినట్టు. ఆ తరువాత మూడు గంటలు ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా ఉంటారు. మధ్యలో ఒకరు "ఊఁ" అంటారు. రెండోవారు దానికి అర్థం ఏమై ఉంటుందా అని పావుగంట ఆలోచిస్తారు. చదరంగంలో అదృష్టానికి చోటు లేదని దాన్ని పొగుడుతారు. నాకు అదే దాని లోపం అనిపిస్తుంది. అదృష్టానికి చోటు లేకపోతే ఓడినవాడు తప్పు తనదే అని ఒప్పుకోవాలి, ఆ బల్ల దగ్గర అలాంటి మనిషిని నేను చూడలేదు. మాస్టారు ఓడిన ప్రతిసారీ కాఫీ ఆలస్యమైందనేవారు. వరంగల్ ఆయన తప్పుని దీపం వెలుతురు మీదికి తోసేవాడు.

తరువాతది గళ్ళ ఆట. పటం నిండా తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు, గోరంత అట్టముక్కల మీద అంకెలు. ఒక్కొక్క ముక్కా ఒక పటాలం. నియమాల పుస్తకం పెళ్ళి ఆల్బమంత లావు. మామూలు మనిషైతే దాన్ని చూసి పారిపోతాడు. వీళ్ళు గ్రీన్‌కార్డు ఫారాలు నింపి నింపి రాటుదేలినవాళ్ళు కాబట్టి ఎగబడి చదివారు. ముక్కలు సర్దడానికే రెండు శనివారాలు పట్టేది. న్యూజెర్సీలో మా పెట్రోలు మేం కొట్టుకోం, బంకులో మనిషి వచ్చి కొట్టాలి. అటువంటి ఊళ్ళో ఉండే నలుగురు, మంచులో ఇరుక్కున్న ట్యాంకులకి ఇంధనం ఏ దారిన పంపాలో ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. చివరికి ఆ యుద్ధాన్ని ముగించింది ఏ సేనాపతీ కాదు. ఏప్రిల్ నెల, చెట్లు పూసే కాలం, పుప్పొడి పడని మాస్టారు బల్ల మీదికి వంగి ఒక్క తుమ్ము తుమ్మారు. రెండు వారాల సైన్యం కార్పెట్ మీద పడింది. ఆ పుస్తకంలో వానకీ బురదకీ నియమాలున్నాయి కానీ తుమ్ముకి లేదు.

చీటీల ఆట ఇంకొకటి. యూరప్ పటం మీద ఆడేది, పాచికలుండవు. ఒకరితో ఒకరు రహస్యంగా ఒప్పందాలు చేసుకుని, చివరికి ఎవరి ఎత్తు వాళ్ళు చీటీ మీద రాసి పెట్టాలి. రాసేటప్పుడు మాట తప్పవచ్చు, నిజానికి తప్పకపోతే గెలవలేరు. తెలుగు సంఘం ఎన్నికల్లో ఆరితేరినవాళ్ళకి ఇంతకంటే తేలికైన ఆట ఏముంటుంది? వాషింగ్ మెషీన్ వెనక ఇద్దరు, గరాజ్‌లో ఇద్దరు నిలబడి గుసగుసలాడుకుంటుంటే, పైనుంచి కాఫీ తెచ్చిన అక్కయ్య ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడేది. బెల్జియం విషయంలో మాస్టారు మాట తప్పారని వరంగల్ ఆయన నాలుగు నెలలు ఆయనతో మాట్లాడలేదు. "బెల్జియం పోతే పోనీ భయ్, నాకు మొకం మీద జెప్పి గట్ల జేస్తడా?" అని మా కారు దాకా వచ్చి బాధపడ్డాడు. బావగారు ఆ పెట్టెని పై అలమరలోకి ఎక్కించేసి మళ్ళీ దించలేదు. "నమ్మినవాణ్ణి పొడిస్తే గాని గెలవని ఆట నాకొద్దు" అన్నారు. ఓడిపోయారు కాబట్టి అలా అంటున్నారని నేను అప్పట్లో తీర్పు చెప్పేసుకున్నాను.

వీటన్నిటిలోకీ తెలివితక్కువది పటం ఆట. బావగారికి ప్రాణం అదే. ప్రపంచపటం మీద ఖండాలు పంచుకుని, దేశానికిన్ని బొమ్మలు నిలబెట్టి, పాచికలు వేసి పక్క దేశాన్ని ఆక్రమించుకోవడం. ఏ దేశంలోనైనా కనీసం ఒక్క బొమ్మ ఉండాలి. ఖండం మొత్తం చేతిలో ఉంటే ప్రతి వంతుకీ అదనంగా బొమ్మలొస్తాయి. తెల్లవాళ్ళు దేశాల పేర్లున్న కార్డులు పంచుకుని ఎవరికేది వస్తే అది తీసుకుంటారట. మావాళ్ళు అలా కాదు. వయసు వరసలో కోరుకునేవారు. వడ్డన పెద్దవాళ్ళతో మొదలుపెట్టినట్టు దేశాలూ పెద్దవాళ్ళతోనే మొదలు. బావగారు ఉత్తర అమెరికా తీసుకునేవారు, అమెరికాకి వచ్చి స్థిరపడ్డవాడికి ఇంకేం కావాలి గనక. మాస్టారు ఆస్ట్రేలియా తీసుకుని, ఉన్న ఒక్క దారిలో బొమ్మలన్నీ గుట్టగా పోసి, సాయంత్రం దాకా జీడిపప్పు తింటూ కూర్చునేవారు. అది ఆట కాదు, ఉద్యోగ విరమణ. వరంగల్ ఆయనకి యూరప్. కడగొట్టు తమ్ముడైన మావారికి ముప్పయ్యేళ్ళపాటు ఆసియా. నలువైపులా శత్రువులే ఉండే ఆ ఖండాన్ని నిలబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఎందుకు తీసుకుంటారండీ అంటే, ఎవరో ఒకరు తీసుకోవాలి కదా అనేవారు.

ఉత్తర అమెరికాకి మూడు తలుపులు. గ్రీన్లాండ్ ఒకటి, మెక్సికో వైపు ఒకటి, అలాస్కా ఒకటి. అలాస్కా పటంలో ఎడమ చివర ఉంటుంది, ఆసియాలోని కమ్చట్కా కుడి చివర ఉంటుంది, కానీ భూమి గుండ్రం కాబట్టి ఆ రెండూ పక్కపక్క దేశాలు. బల్లకి ఆ కొసన అన్నగారు, ఈ కొసన తమ్ముడుగారు. బావగారు రెండు తలుపుల దగ్గర గుట్టలుగా బొమ్మలు పోసి, అలాస్కాలో మాత్రం ఒకే ఒక్కటి పెట్టేవారు. ఇటు మావారు కమ్చట్కాలో ఒకే ఒక్కటి పెట్టేవారు. ఆయన అటు వెళ్ళేవారు కాదు. మిగతా ప్రపంచమంతా తగలబడిపోతున్నా అలాస్కా మీద ఒక్క పాచిక వేసిన పాపాన పోలేదు. మూడు తలుపుల ఇంట్లో ఒకదానికి కాపలా అక్కర్లేకపోతే ఎవడైనా గెలుస్తాడు. బావగారు నాలుగింట మూడుసార్లు గెలిచేవారు. గెలిచాక, వ్యూహమంటే ఏమిటో నలుగురికీ విడమరిచి చెప్పేవారు. "మన బలం ఎక్కడ పెట్టాలో కాదురా, ఎక్కడ పెట్టక్కర్లేదో తెలియడం స్ట్రాటెజీ" అనేవారు. మావారు తలూపేవారు. చిక్కుడు ఈనెలు తీస్తున్న నా చేతులు మాత్రం బిగుసుకునేవి.

ఇక్కడ నా మనసులో మాట దాచకుండా చెప్పాలి. నా బాధ ఆట గురించి కాదు. మా పెళ్ళి ముహూర్తం దగ్గర్నుంచి మేం కొన్న కారు రంగు దాకా మావారు అన్నయ్యని అడగకుండా ఏదీ చెయ్యలేదు. ఇల్లు వాళ్ళింటికి నలభై నిమిషాల లోపు ఉండాలి. మా అబ్బాయి పేరు అన్నయ్య పెట్టాలి. నాకు బాస్టన్‌లో మంచి ల్యాబులో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అన్నయ్య "అంత దూరం ఎందుకురా" అన్నారని మేం కదల్లేదు. ఇవన్నీ పైకి చెప్పుకుంటే చిన్న విషయాల్లా ఉంటాయి, చెప్పుకోకపోతే కడుపులో రాళ్ళలా ఉంటాయి. ఆ అలాస్కాలో ఒంటరి బొమ్మని చూసినప్పుడల్లా నాకు ఆ రాళ్ళన్నీ కదిలేవి. వీడు రాడులే అన్న అన్నగారి ధీమా, రానులే అన్న తమ్ముడి బానిసత్వం, రెండూ నాకు ఆ పటం మీద స్పష్టంగా కనిపించేవి. వరంగల్ ఆయన కూడా ఒకసారి నవ్వుతూ "ఈయన అన్న దిక్కు పోడు భయ్, యూరప్ మీదనే బడ్తడు" అన్నాడు. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అనేశాను. "మీరు ఆడేది ఆట కాదు, అన్నగారి కాళ్ళు పట్టుకోవడం. మీరు అటు వెళ్ళరు కాబట్టి ఆయన గెలుస్తున్నారు. లేకపోతే ఆయన ఆ మాస్టారు పాటి కూడా చెయ్యరు. ఆయనకి అది తెలుసు. అందరికీ తెలుసు. మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, బాస్టన్ కూడా అన్నాను. ఆయన వారమంతా నాతో మాట్లాడలేదు. మరుసటి శనివారం మామూలుగా ఆసియా తీసుకున్నారు. మూడో వంతుకి కమ్చట్కాలో పదకొండు బొమ్మలు పెట్టారు. మావారు ఎవరివైపూ చూడకుండా "అలాస్కా" అన్నారు. ఒంటరి బొమ్మ మొదటి పాచికకే పడిపోయింది. ఆ తలుపులోంచి వెళ్ళి గంటలోపల ఉత్తర అమెరికా అంతా తీసుకున్నారు. బావగారు బల్ల మీది బొమ్మల్ని కాసేపు చూసి, "బాగా ఆడావురా" అన్నారు. బొమ్మలన్నీ రంగుల వారీగా సంచుల్లో వేసి, పెట్టె మూత పెట్టారు.

ఆ సాయంత్రం కారులో నేను ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ముప్పయ్యేళ్ళకి మగాడిలా ఆడారు అన్నాను. ఆయన మేం దిగాల్సిన ఎగ్జిట్ దాటి చాలా దూరం వెళ్ళిపోయారు. నేను చెప్తే గాని గమనించలేదు. తరువాతి శనివారం బావగారికి తలనొప్పి. ఆ పై వారం బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయన్నారు. ఆ పైన ఎవరూ కారణాలు చెప్పుకోవడం కూడా మానేశారు. పోట్లాట లేదు, మాటలు మానుకోవడం లేదు. పండగలకీ పుట్టినరోజులకీ వెళ్ళేవాళ్ళం, వచ్చేవాళ్ళు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన సోఫాలో కూర్చుని మోకాళ్ళ గురించీ మంచు గురించీ మాట్లాడుకునేవారు. బేస్‌మెంట్ మెట్ల వైపు ఇద్దరూ చూసేవారు కాదు. అలా పన్నెండేళ్ళు గడిచాయి. పీడ వదిలిందనుకున్నాను. పైగా, ఒక్కసారి ఓడితే ఆట మానేసేవాడిది ఏం పాటి వ్యూహం అని మనసులో బావగారి మీద ఉన్న చులకనకి ఇంకొంచెం చేర్చుకున్నాను.

మొన్న శనివారం, ఉపన్యాసానికి ముందు రోజు, నా కాగితాలు ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాం. మంగళవారం ట్రక్కు వస్తుంది. ఇంటినిండా అట్టపెట్టెలు, టేపు చప్పుళ్ళు. ఫ్రిస్కో నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి "నాన్నా, ఆ గేమ్స్ అన్నీ అక్కడికి రావు, ఓకే? బేస్‌మెంట్ లేదు అక్కడ. ఒక్కటే బాక్స్ పిక్ చెయ్యి" అని పైనుంచి కేకేసింది. టెక్సాస్ ఇళ్ళకి బేస్‌మెంట్‌లుండవు. అక్కయ్య కోసం పింగాణీ సామాను కాగితాల్లో చుట్టడానికి మావారు పైన ఆగిపోయారు. నేను కిందికి వెళ్ళాను. బావగారు పింగ్‌పాంగ్ బల్ల దగ్గర ఒంటరిగా నిలబడి, ఉపన్యాసంలో చూపించడానికి ఫోన్‌తో ఫొటో తీసుకోవాలని పటం ఆట సర్దుతున్నారు. ఒక్కొక్క బొమ్మా రెండుసార్లు పడి మూడోసారి నిలబడుతోంది. గ్రీన్లాండ్‌లో గుట్ట, మెక్సికో వైపు గుట్ట. అలాస్కాలో ఒక్కటి.

నా నోరు ఊరుకోదు కదా. "ఇంకా అలాస్కాలో ఒక్కటేనా బావగారూ? ఆ రోజు అయింది చాలదూ?" అన్నాను.

ఆయన తలెత్తి, నేనేదో చిన్నపిల్లలు అడిగే ప్రశ్న అడిగినట్టు చూశారు. "అటు వాడుంటాడు కదమ్మా" అన్నారు.

బొమ్మలు సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పుకుపోయారు. "వాడూ అంతే కదా. కమ్చట్కాలో ఒకటికి మించి ఎప్పుడైనా పెట్టాడా? ఆ తలుపు ముప్పయ్యేళ్ళు బార్లా తెరిచే ఉంది. నేను ఎప్పుడైనా వెళ్ళానా? ఆసియా ఎప్పుడూ వీక్, రెండు టర్న్స్‌లో ఫినిష్ చెయ్యచ్చు. ఆపరేషన్ థియేటర్లో ఎనిమిది గంటలు మానిటర్ మీంచి కన్ను తియ్యడానికి ఉండదు. ఇక్కడికొస్తే ఒక వైపు చూసుకోనక్కర్లేదు. ఆ ఒక్క సుఖం కోసమే నేను ఈ ఆట ఆడేది. మిగతాదంతా పాచికలే, అందులో బ్రెయిన్ ఏముంది?" గ్రీన్లాండ్ గుట్టలో పడిపోయిన బొమ్మని నిలబెట్టారు. "ఆ రోజు వాడు వచ్చాడు. తప్పు లేదమ్మా, ఆటే కదా. కానీ ఆ తరువాత ఎక్కడ ఎన్ని పెట్టుకోవాలో నాకు తెలియలేదు."

మైక్రోస్కోపు కింద స్లైడ్ పెట్టినప్పుడు ఒక మూల చూసి రిపోర్టు రాయకూడదు, ఈ చివర్నుంచి ఆ చివరికి చూడాలి. కొత్తగా ల్యాబులో చేరిన పిల్లలకి నేను మొదటి రోజు చెప్పే పాఠం అది. ఆ బల్ల దగ్గర ముప్పయ్యేళ్ళు కూర్చుని, మావారు అలాస్కాకి వెళ్ళని సార్లన్నీ లెక్కపెట్టాను. బావగారు కమ్చట్కాకి రాని సార్లు ఒక్కటి కూడా లెక్కపెట్టలేదు. వాళ్ళ ఆటలన్నిటినీ చులకన చేసినదాన్ని, వాటిలో ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. చేతిలో నా రెండు పేజీల వెటకారం ఉంది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకున్నాను. "బావగారూ, ఆ రోజు ఆయన చేత అలా ఆడించింది నేనే" అన్నాను.

"తెలుసమ్మా. వాడికంత సొంత బుర్ర ఎక్కడిది?" అన్నారు బావగారు, మెక్సికో గుట్ట సరిచేస్తూ.

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. అంతలో మావారు పాత న్యూస్‌పేపర్ల కట్ట కోసం మెట్లు దిగి వచ్చారు. బల్లని చూసి చివరి మెట్టు మీద ఆగిపోయారు. "ఫొటోకి అటువైపు ఖాళీగా ఉంటే బాగుండదురా, నీవి పెట్టు" అన్నారు బావగారు. మావారు కుడి కొసన ఉన్న తన పాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పసుపు బొమ్మల సంచీ విప్పి, ఇండియాలో, చైనాలో, సైబీరియాలో ఒక్కొక్కటే నిలబెట్టుకుంటూ వెళ్ళారు. చివరికి కమ్చట్కా మిగిలింది. గుప్పెట్లో ఇంకా ఏడెనిమిది ఉన్నాయి. చెయ్యి అక్కడ ఆగింది. తలెత్తి అన్నగారి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

"ఎన్ని పెట్టను?" అని అడిగారు.

కారు రంగు కూడా అన్నయ్యని అడిగే మనిషి, పన్నెండేళ్ళుగా ప్రతిదీ నన్ను అడుగుతున్నారని నాకు అప్పుడు తట్టింది. నేను గెలిపించింది ఆయన్ని కాదు, నన్నే. "నన్నడక్కండి. నాకు ఆ ఆట రాదు" అన్నాను.

మావారు కాసేపు గుప్పెట చూసుకున్నారు. ఒక్క బొమ్మ కమ్చట్కాలో నిలబెట్టి, మిగిలినవి సంచీలో వేసేశారు. బావగారు ఫొటో తీసుకున్నారు, తీసిన తరువాత ఫోన్ పక్కన పెట్టి పాచికలు అందుకున్నారు. నేను చిక్కుడుకాయలున్నాయేమో చూద్దామని పైకి వెళ్ళాను. పెరడంతా పీకేశారని అక్కయ్య చెప్పింది. ఉత్త చేతులతోనే తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. కింద పాచికలు దొర్లుతున్న చప్పుడు, మధ్యలో ఎవరో "ఊఁ" అనడం వినిపించాయి. మంగళవారానికి ఇంకా మూడు రోజులుంది. పన్నెండేళ్ళంటే ఎన్ని శనివారాలో నేను ఇట్టే లెక్కపెట్టగలను, బతుకంతా లెక్కపెట్టే ఉద్యోగమే చేశాను, కానీ ఆ మధ్యాహ్నం ఆ లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.